వీపు మీద బిడ్డను మోసే ఎర్ర కప్ప

తొలకరి పడగానే చెరువుల్లో కప్పలు మొదలుపెడతాయి. బెకబెకమని రాత్రంతా ఒకటే గోల. వానలు పడకపోతే కప్పతల్లి ఆడే ఊళ్లూ ఉన్నాయి. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పుతారు. ఇల్లాళ్లు దాని మీద చెంబెడు నీళ్లు పోస్తారు. కప్పకూ వానకూ సంబంధం ఉందని మన పెద్దలకు బాగా తెలుసు.

ఇప్పుడు మనం చదవబోయే కప్ప మన చెరువుల్లో దొరకదు. చాలా దూరాన, సముద్రాల అవతల, ఒక పెద్ద వాన అడవిలో ఉంటుంది. అది చాలా చిన్న కప్ప. పొడవు రెండు సెంటీమీటర్ల పైన కొంచెం. అంటే మీ బొటనవేలి గోరు మీద కూర్చోగలదు. ఒళ్లంతా పండు మిరపకాయలా ఎరుపు. కాళ్లు మాత్రం నీలం. ఎవరో నీలం ప్యాంటు తొడిగినట్టు ఉంటుంది. అందుకే అక్కడికి వచ్చే విదేశీయులు దాన్ని సరదాగా నీలం ప్యాంటు కప్ప అంటారు. స్ట్రాబెరీ అనే ఎర్రటి పండు పేరు మీద స్ట్రాబెరీ కప్ప అని కూడా పిలుస్తారు. మనం ఎర్ర కప్ప అనుకుందాం.

ఈ కప్ప ఉండే దేశాల్లో ఒకటి కోస్టారికా. పక్కనే ఉన్న నికరాగువా, పనామా దేశాల్లో కూడా ఉంటుంది. ఇవన్నీ మధ్య అమెరికా దేశాలు. కోస్టారికా మన తెలంగాణలో సగం కూడా ఉండదు. జనం 50 లక్షల పైచిలుకు. ఒక పక్క పసిఫిక్ మహాసముద్రం, ఇంకో పక్క కరీబియన్ సముద్రం. నడుమ కొండలు. కరీబియన్ సముద్రం వైపు పల్లపు నేలల్లో ఈ ఎర్ర కప్పలు ఉంటాయి.

వాన ఆగని అడవి

అక్కడ లా సెల్వా అనే అడవి ఉంది. వాళ్ల స్పానిష్ భాషలో ఆ మాటకు అర్థం కూడా అడవే. 1968 నుంచి శాస్త్రవేత్తల సంఘం ఒకటి ఆ అడవిని చూసుకుంటోంది. చెట్లు నరకరు. జంతువుల్ని చంపరు. చూస్తారు, లెక్క రాస్తారు, అంతే.

అక్కడ ఏడాదికి సుమారు 400 సెంటీమీటర్ల వాన పడుతుంది. మన అనంతపురంలో ఏడాది మొత్తానికి 55 సెంటీమీటర్ల దాకా పడుతుంది. అంటే అనంతపురంలో ఏడేళ్లు పడే వాన అక్కడ ఒక్క ఏడాదిలో పడుతుంది! వాన లేని నెల అంటూ ఉండదు. ఎండాకాలం, చలికాలం అని పెద్ద తేడా కూడా లేదు. ఎప్పుడూ ఉక్క, ఎప్పుడూ తడి.

అట్లాంటి చోట చెట్లు ఎంత ఎత్తు పెరుగుతాయో ఊహించండి. పది అంతస్తుల మేడంత పెరిగే చెట్లున్నాయి. పైన ఆకులు గొడుగు పట్టినట్టు ఉంటాయి. కింద పట్టపగలు కూడా మసక వెలుతురే. నేల మీద మన్ను కనపడదు. రాలిన ఆకులు పరుపులా పరుచుకుని ఉంటాయి. కింది ఆకులు కుళ్లి మట్టిలో కలుస్తుంటే పైన కొత్తవి రాలుతుంటాయి.

ఈ ఆకుల పరుపే ఎర్ర కప్ప ఇల్లు. అందులోనే దాక్కుంటుంది. అందులోనే తిండి వెతుక్కుంటుంది. గుడ్లు కూడా అందులోనే పెడుతుంది. ఆకులు ఎప్పుడూ తడిగా ఉండాలి. కప్ప చర్మం ఎండితే కప్ప బతకదు.

ఎరుపు అంటే ఆగు అని

ఆకుల మధ్య ఇంత ఎర్రగా ఉంటే పక్షులకూ పాములకూ ఇట్టే కనపడదా? కనపడుతుంది. కనపడాలనే ఆ రంగు. మన కప్పలు మట్టి రంగులో ఉండి దాక్కుంటాయి. ఈ కప్ప దాక్కోదు. పగలే తిరుగుతుంది. ఎందుకంటే దాని చర్మంలో విషం ఉంది. నోట్లో పెట్టుకున్న జంతువు చేదు తగిలి ఉమ్మేస్తుంది. ఇంకోసారి ఎర్ర రంగు చూస్తే దగ్గరకు రాదు.

విషం అనగానే భయపడకండి. ముట్టుకుంటే మనిషి చచ్చేంత విషం కాదు. కొలంబియా దేశంలో దీనికి దూరపు చుట్టం ఒకటుంది. అది పసుపు పచ్చని కప్ప. దాని విషం మాత్రం మహా ఘాటు. అక్కడి ఎంబెరా గిరిజనులు వేటకు వాడే బాణపు ముల్లును ఆ కప్ప వీపు మీద రుద్దేవారు. ఆ ములుకు గుచ్చుకున్న జంతువు బతికేది కాదు.

మరి ఎర్ర కప్పకు ఆ విషం ఎక్కడిది? పుట్టుకతో ఉన్నదా? ఇది చాలా కాలం ఎవరికీ తెలియలేదు. జాన్ డేలీ అనే అమెరికా శాస్త్రవేత్త 1960ల నుంచి ఈ కప్పల విషం మీద పనిచేశాడు. తర్వాత ఒక విచిత్రం బయటపడింది. ఈ జాతి కప్పల్ని గాజు పెట్టెల్లో పుట్టించి, పండ్ల మీద వాలే చిన్న ఈగల్ని మేపి పెంచితే, వాటికి విషం ఉండటం లేదు! రంగు అట్లాగే ఉంది. విషం మాత్రం లేదు.

అంటే విషం వచ్చేది తిండి నుంచి. అడవిలో ఆకుల పరుపు కింద రకరకాల చిన్న చీమలు, నల్లి జాతి పురుగులు ఉంటాయి. మిరప తోటకు నల్లి పట్టింది అంటాం కదా, ఆ జాతివే. కాకపోతే ఇవి కుళ్లిన ఆకుల్లో బతుకుతాయి. కంటికి సరిగా ఆనవు. వాటి ఒంట్లో కొంచెం కొంచెం విషం ఉంటుంది. కప్ప రోజంతా వాటిని ఏరుకుని తింటుంది. ఆ విషాన్ని తన చర్మంలో దాచుకుంటుంది. ఈ ఎర్ర కప్పకు ఎక్కువ విషం ఇచ్చేది ఈ నల్లి పురుగులేనని 2007లో శాస్త్రవేత్తలు తేల్చారు.

చూశారా, ఆకుల పరుపు దానికి ఇల్లే కాదు, వంటిల్లు కూడా. ఆయుధాలు దాచిన కొట్టు కూడా.

నాలుగైదు గుడ్లు, ఇద్దరి కాపలా

మగ కప్ప ఒక దుంగ మీదో, చెట్టు మొదట్లోనో ఎత్తున కూర్చుంటుంది. చిమ్మెట అరిచినట్టు అరుస్తుంది. ఇది నా చోటు, ఇంకెవరూ రావద్దు అని దాని అర్థం. వేరే మగ కప్ప వస్తే ఇద్దరూ కుస్తీ పడతారు. ఆడ కప్పకు మాత్రం ఆ అరుపు పిలుపు. వెళ్లాలా వద్దా అనేది ఆమె ఇష్టం.

మన చెరువులో గోదురుకప్ప వేల గుడ్లు పెడుతుంది. పెట్టి వెళ్లిపోతుంది. వాటిని చేపలు తినగా, కొంగలు తినగా ఏ కొన్నో మిగులుతాయి. ఎర్ర కప్ప అట్లా కాదు. మూడు నుంచి అయిదు గుడ్లే పెడుతుంది. అవీ నీళ్లలో కాదు, నేల మీద రాలిన ఆకు మీద. గుడ్లకు పెంకు ఉండదు. ఎండితే చచ్చిపోతాయి. అందుకే తండ్రి కప్ప రోజూ వచ్చి తన ఒంట్లోని నీటితో వాటిని తడుపుతుంది. ఇట్లా వారం పది రోజులు. ఆ తర్వాత తండ్రి పని అయిపోతుంది. ఇది చదివి నవ్వుకునే వాళ్లు నవ్వుకోవచ్చు!

అక్కడి నుంచి మోసేదీ పెంచేదీ తల్లే.

దొప్పలో బిడ్డ

గుడ్డులోంచి వచ్చిన కప్ప పిల్లకు కాళ్లు ఉండవు. తోక ఉంటుంది. వానాకాలం నీటి గుంటల్లో నల్లగా, చేపపిల్లల్లా ఈదుతుంటాయే, అట్లాంటివే. వీటిని తోకకప్పలు అంటారు. తోకకప్పకు నీళ్లు కావాలి. నేల మీద ఆకులో బతకలేదు.

తల్లి కప్ప వచ్చి పిల్లల పక్కన వంగి కూర్చుంటుంది. ఒక పిల్ల పాక్కుంటూ తల్లి వీపు ఎక్కుతుంది. అతుక్కుని కూర్చుంటుంది. తల్లి బయలుదేరుతుంది. చెట్టు ఎక్కుతుంది. ఎందుకో తెలుసా?

ఆ అడవిలో అనాస జాతి మొక్కలు చెట్ల కొమ్మల మీదే పెరుగుతాయి. నేల అక్కర్లేదు. వాటి ఆకులు మొదట్లో ఒకదాని మీద ఒకటి చుట్టుకుని దొప్పలా ఉంటాయి. వాన నీళ్లు ఆ దొప్పల్లో నిలుస్తాయి. గుక్కెడు నీళ్లు ఉంటే ఎక్కువ. ఆ నీళ్లే ఎర్ర కప్పకు చెరువు. అరటిని పోలిన కొన్ని అడవి మొక్కల మట్టల సందుల్లో నిలిచే నీళ్లు కూడా పనికొస్తాయి.

తల్లి మంచి దొప్పను చూసి, వెనక్కి నడిచి, నడుము నీళ్లలో ముంచుతుంది. పిల్ల నీళ్లలోకి జారుతుంది. తల్లి మళ్లీ కిందికి దిగి ఇంకో పిల్లను ఎక్కించుకుంటుంది. దాన్ని వేరే దొప్పలో వేస్తుంది. ఒక్కో దొప్పకు ఒక్కో పిల్లే. ఇద్దరిని ఒకే దొప్పలో వేస్తే ఒకటి ఇంకొకదాన్ని తినేసే ప్రమాదం ఉంది. తోబుట్టువులైనా సరే.

దొప్పలో నీళ్లయితే ఉన్నాయి, తిండి ఏది? ఏమీ ఉండదు. తిండి కూడా తల్లే తేవాలి. రెండు మూడు రోజులకు ఒకసారి తల్లి ఆ దొప్పకు వస్తుంది. తల్లి రాగానే తోకకప్ప ఒళ్లు బిగించి గజగజ వణికినట్టు కదులుతుంది. నేను ఇక్కడున్నాను, ఆకలేస్తోంది అని చెప్పడం అది. అప్పుడు తల్లి నీళ్లలో గుడ్లు పెడుతుంది. ఇవి పిల్లలయ్యే గుడ్లు కావు. పొదగని గుడ్లు. పిల్ల తినడానికే పెట్టినవి. ఆ తోకకప్ప ఇంకేమీ తినదు. తల్లి రాకపోతే చచ్చిపోతుంది.

కొంచెం లెక్క వేద్దాం. తోకకప్ప కాళ్లు వచ్చి కప్ప కావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. 45 రోజులు అనుకోండి. మూడు రోజులకు ఒకసారి అంటే 15 సార్లు. నలుగురు పిల్లలుంటే 60 సార్లు. గోరంత కప్ప 60 సార్లు దొప్పల దగ్గరకు ఎక్కి దిగాలి. ప్రతిసారీ తన ఒంట్లో తయారైన గుడ్లు పెట్టాలి. ఆ గుడ్లు తయారు కావాలంటే ముందు తాను తినాలి. మధ్యలో ఏ పామో తనను తినకుండా చూసుకోవాలి. ఇంతా చేసినా పిల్లల్లో చాలావరకు దక్కవు. దొప్పలోకి చీమలు వస్తాయి, సాలీళ్లు వస్తాయి.

బిడ్డల మీద కూడా తల్లికి ఒక ఉపాయం ఉంది. తల్లి పెట్టే గుడ్లలో తిండితో పాటు తల్లి విషం కూడా కొంచెం ఉంటుంది. దాన్ని తిని తోకకప్ప కూడా చేదవుతుంది. ఈ సంగతి జెన్నిఫర్ స్టైనోస్కి అనే శాస్త్రవేత్త, ఆమె తోటివారు 2014లో బయటపెట్టారు. మనం ముర్రుపాలు పట్టమంటాం చూడండి, బిడ్డకు రోగాలను తట్టుకునే బలం వస్తుందని. ఇదీ అట్లాంటిదే అనిపిస్తుంది.

ఇంకో మాట కూడా ఆమె కనిపెట్టింది. ఈ తల్లి తన బిడ్డను మొహం చూసి గుర్తుపట్టలేదు. చోటును బట్టి గుర్తుపెట్టుకుంటుంది. పిల్లను తీసి పక్కనే ఉన్న గిన్నెలో వేస్తే, తల్లి పాత చోటికే వస్తుంది. పక్కనే ఉన్న సొంత బిడ్డకు తిండి పెట్టదు. పాత చోట వేరే కప్ప పిల్లను పెడితే, దానికే పెడుతుంది! నాలుగు పిల్లలు నాలుగు చోట్ల ఉంటే నాలుగు చోట్లూ దాని బుర్రలో ఉండాలి. ఏ చెట్టు, ఏ మొక్క, ఏ ఆకు సందు అని. బుర్ర ఎంత ఉంటుంది, ఆవగింజంత!

దీన్ని బట్టి ఒక సంగతి తెలుస్తోంది. కొమ్మ విరిగి మొక్క కింద పడితే, దొప్ప చోటు మారితే, తల్లి బతికే ఉన్నా బిడ్డ ఆకలితో పోతుంది.

అడవి పోయింది, మళ్లీ వచ్చింది

1940ల్లో కోస్టారికాలో నాలుగింట మూడు వంతుల నేల అడవే. తర్వాత నరకడం మొదలైంది. పశువుల మేతకు, అరటి తోటలకు. అమెరికాకు మాంసం అమ్మితే డబ్బు బాగా వచ్చేది. బ్యాంకులు కూడా పశువుల మంద పెట్టేవాళ్లకు అప్పులిచ్చాయి. 1980ల చివరికి అడవి సుమారు నాలుగో వంతుకు పడిపోయింది.

అప్పుడు ఆ దేశం ఒక పని చేసింది. 1996లో చట్టం తెచ్చింది. అడవిని కొట్టి పొలం చేయకూడదు. 1997 నుంచి, తమ నేలలో అడవిని ఉంచుకున్న రైతులకు ప్రభుత్వం డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. పెట్రోలు మీద పన్నులో కొంత దీనికి తీశారు. ఇప్పుడు ఆ దేశంలో సగానికి పైగా అడవే. ఇది మెచ్చుకోవలసిన పనే. కాకపోతే ఆ డబ్బు నేల చేతిలో ఉన్నవాళ్లకే. అక్కడా ఆడవాళ్ల పేరు మీద పొలాలు తక్కువే. సంతకం పెట్టి డబ్బు తీసుకునే చేతులు ఎక్కువగా ఎవరివో మీరే చెప్పగలరు.

అయితే చెట్లు ఉంటే చాలు, కప్పలు ఉంటాయి అనుకోవడానికి లేదు. లా సెల్వాలో 1970 నుంచి నేల మీది కప్పల్ని లెక్కపెడుతూ వచ్చారు. స్టీవెన్ విట్‌ఫీల్డ్, ఆయన తోటి శాస్త్రవేత్తలు ఆ లెక్కలన్నీ కలిపి 2007లో చెప్పారు. 35 ఏళ్లలో నేల మీది కప్పలు నాలుగింట మూడు వంతులు తగ్గిపోయాయి. అంటే 1970లో 100 ఉన్న చోట 25 మిగిలాయి. ఎర్ర కప్ప కూడా తగ్గినవాటిలో ఉంది. అక్కడ ఎవరూ చెట్టు కొట్టలేదు. ఎవరూ కప్పను పట్టుకోలేదు. మరి ఎందుకు?

వాళ్ల అనుమానం ఆకుల పరుపు మీద. రాత్రులు ముందుకన్నా వెచ్చబడ్డాయి. వాన కూడా పెరిగింది. వేడి, తడి పెరిగితే ఆకులు తొందరగా కుళ్లిపోతాయి. రాలే ఆకులూ తగ్గి ఉండవచ్చు. పరుపు పలచబడితే దాక్కునే చోటు పోతుంది. నల్లి పురుగులూ, చీమలూ తగ్గుతాయి.

ఎర్ర కప్ప ఇంకా అంతరించిపోయే జాతుల జాబితాలో లేదు. చాలా చోట్ల కనపడుతూనే ఉంది. కానీ అదే దేశంలో మాంటెవెర్డే కొండల మీద బంగారు రంగు కప్ప ఒకటుండేది. 1987లో ఒక్క వానాకాలంలోనే వెయ్యికి పైగా కనపడ్డాయి. 1989లో ఒక్కటంటే ఒక్కటి కనపడింది. అదే ఆఖరు. తర్వాత ఇన్నేళ్లలో ఎవరూ చూడలేదు. ఎక్కువ ఉన్నాయి కదా అని ధీమాగా ఉండటానికి లేదు.

కోకో చెట్ల కింద

లా సెల్వా లెక్కల్లో ఒక మంచి కబురు కూడా ఉంది. పక్కనే పాత కోకో తోటలున్నాయి. కోకో అంటే చాక్లెట్ తయారుచేసే గింజల చెట్టు. 1970ల చివర్లో ఆ దేశంలో కోకో కాయలకు బూజు తెగులు వచ్చింది. పంట పోయింది. ఎంతోమంది రైతులు తోటలు వదిలేశారు. ఆ వదిలేసిన తోటల్లో కప్పలు తగ్గలేదు. కొంచెం పెరిగాయి కూడా! కోకో ఆకులు పెద్దవి. ఎప్పుడూ రాలుతూనే ఉంటాయి. కింద మందంగా పడి ఉంటాయి.

దక్షిణాన తలమాంకా అనే ప్రాంతంలో బ్రిబ్రి గిరిజనులు కోకో పండిస్తారు. వాళ్లలో వంశం తల్లి వైపు నుంచి లెక్క. నేల కూడా తల్లి నుంచి కూతురికి వస్తుంది. కోకో చెట్టు ఒకప్పుడు ఆడమనిషి అని వాళ్ల నమ్మకం. అందుకే పూజల్లో ఇచ్చే కోకో పానీయం ఆడవాళ్లే కాచాలి. మగవాళ్లు కాచకూడదు. ఆ ఇళ్లలో చాలామంది పెద్ద చెట్లు కొట్టకుండా, వాటి నీడలోనే కోకో నాటుతారు. అరటి, ఇతర పండ్ల చెట్లు కూడా మధ్య మధ్యలో ఉంటాయి. రాలిన ఆకులను ఊడ్చి తగలబెట్టరు. ఆ ఆకుల్లో ఎర్ర కప్పలు గెంతుతుంటాయి. కొమ్మల మీది అనాస జాతి మొక్కల్లో, గుక్కెడు నీళ్లలో, వాటి పిల్లలు తల్లి కోసం చూస్తుంటాయి.